పువ్వు పుట్టగానే పరిమళిస్తుందా? ఎన్‌బీఏ డ్రాఫ్ట్ నుంచి కార్ నికోబార్ దాకా: వర్ధమాన క్రీడాకారుల అంచనా సాగే తీరు

శ్రీవిజయపురం: స్విట్జర్లాండ్‌లోని ఏగ్ల్ పట్టణంలో 2018 ఆగస్టులో జరిగిన ప్రపంచ జూనియర్ ట్రాక్ సైక్లింగ్ పోటీల్లో కార్ నికోబార్ దీవికి చెందిన ఈసో ఆల్బెన్ కీరిన్ విభాగంలో రజత పతకం సాధించాడు. స్వర్ణం అతి స్వల్ప తేడాతో చేజారింది. ప్రపంచ స్థాయి సైక్లింగ్ పోటీల్లో భారత్ అందుకున్న తొలి పతకం అదే. మరుసటి ఏడాది జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ ఆన్ డెర్ ఓడర్‌లో మణిపూర్‌కు చెందిన రొనాల్డో సింగ్, రోజిత్ సింగ్‌లతో కలిసి ఆల్బెన్ టీం స్ప్రింట్‌లో బరిలోకి దిగాడు. ఆస్ట్రేలియా, బ్రిటన్ వంటి దిగ్గజాలను వెనక్కి నెట్టి ఆ ముగ్గురు స్వర్ణం గెలిచారు.

2011 జనాభా లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ దీవుల మొత్తం జనాభా 3.80 లక్షలు. రాజమహేంద్రవరం నగర జనాభా కంటే కాస్త ఎక్కువ. అంత చిన్న ప్రాంతం నుంచి, అందులోనూ కేంద్రపాలిత ప్రాంత రాజధానికి దాదాపు 270 కిలోమీటర్ల దక్షిణాన ఉన్న దీవి నుంచి, ప్రపంచ పతక విజేత కాగల యువకుడిని గుర్తించడం ఎలా సాధ్యమైంది? పదిహేను, పదహారేళ్ల వయసులో ఒక క్రీడాకారుడి భవిష్యత్తును ఎవరైనా కచ్చితంగా చెప్పగలరా? అమెరికాలో బాస్కెట్‌బాల్ అభిమానులు ఏటా వేసవిలో ఇదే ప్రశ్నతో తలపడతారు. మన దేశంలో ఐపీఎల్, ప్రో కబడ్డీ వేలాలకు ముందు జరిగే చర్చ కూడా దీని చుట్టూనే తిరుగుతుంది. ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ప్రతిభను పసిగట్టే పద్ధతుల బలమూ బలహీనతా రెండూ స్పష్టమవుతాయి.

డ్రాఫ్ట్ అంటే ముసాయిదా కాదు

తెలుగు వార్తల్లో డ్రాఫ్ట్ అనగానే బిల్లు ముసాయిదా గుర్తుకు వస్తుంది. క్రీడల్లో దాని అర్థం వేరు. కొత్తగా వృత్తిపరమైన లీగ్‌లోకి రాదలచిన యువకులను జట్లు ఒక క్రమం ప్రకారం, ఒకరి తరువాత ఒకరుగా ఎంచుకునే ప్రక్రియను డ్రాఫ్ట్ అంటారు. అమెరికా జాతీయ బాస్కెట్‌బాల్ సంఘం, అంటే ఎన్‌బీఏ, 1947 నుంచి ఈ పద్ధతిని పాటిస్తోంది. ముప్పై జట్లు రెండు విడతల్లో ఆటగాళ్లను ఎంచుకుంటాయి. గత సీజన్‌లో బలహీనంగా ఆడిన జట్లకు ముందుగా ఎంచుకునే అవకాశం లభిస్తుంది. అయితే కావాలని ఓడిపోయి మొదటి స్థానం కొట్టేయకుండా 1985లో లాటరీ ప్రవేశపెట్టారు. 2019 నుంచి అమలైన విధానంలో అట్టడుగు మూడు జట్లకు తలా 14 శాతం అవకాశం మాత్రమే ఉంటుంది.

ఇక్కడ ఆటగాడు జట్టును ఎంచుకోడు, జట్టే ఆటగాడిని ఎంచుకుంటుంది. వేలంలో మాదిరి ఎక్కువ డబ్బు పెట్టి నచ్చినవాడిని సొంతం చేసుకునే వీలు కూడా లేదు. కాబట్టి అంచనాకు విలువ పెరుగుతుంది. ఎంపికకు నెలల ముందే అభిమానులు కళాశాల పోటీల దృశ్యాలు చూసి, గణాంకాలు పోల్చి, ఏ జట్టు ఎవరిని తీసుకుంటుందో ఊహాత్మక జాబితాలు తయారు చేస్తారు. ఆడిన కళాశాల ఏది, ప్రత్యర్థుల స్థాయి ఎంత, వయసెంత, బంతి చేతిలో లేనప్పుడు ఏం చేస్తాడు వంటి అంశాలపై వాదోపవాదాలు సాగుతాయి.

కొలతలు చెప్పేది ఎంత?

డ్రాఫ్ట్‌కు ముందు షికాగోలో జరిగే శిబిరంలో ఆటగాళ్ల ఎత్తు, చాచిన చేతుల నిడివి, నిలువుగా ఎగిరే ఎత్తు, పరుగు వేగం, పక్కలకు కదిలే చురుకుదనం కొలుస్తారు. వీటికి విలువ ఉంది. బాస్కెట్‌బాల్‌లో చేతుల నిడివిని సాధనతో పెంచుకోలేరు. కానీ కొలతలే సర్వస్వం అనుకుంటే పొరపాటు. 2007 శిబిరంలో కెవిన్ డ్యూరాంట్ సుమారు 84 కిలోల బరువును ఒక్కసారి కూడా పైకి నెట్టలేకపోయాడు. ఆ ఏడాది రెండో స్థానంలో ఎంపికైన అతడు తరువాత తన తరంలో మేటి ఆటగాళ్లలో ఒకడిగా నిలిచాడు. అదే డ్రాఫ్ట్‌లో మొదటి స్థానంలో ఎంపికైన గ్రెగ్ ఓడెన్ మోకాలి గాయాలతో ఆటకు దూరమయ్యాడు.

అంతకంటే పెద్ద ఉదాహరణ సెర్బియాకు చెందిన నికోలా యోకిచ్. 2014లో అతడు 41వ స్థానంలో ఎంపికయ్యాడు. ఆ సమయంలో అమెరికా టీవీలో వాణిజ్య ప్రకటన నడుస్తోంది. పెద్దగా ఎగరలేడు, వేగంగా పరుగెత్తలేడు అన్న ముద్ర అప్పటికే అతడిపై పడింది. అదే ఆటగాడు 2021, 2022, 2024లలో లీగ్ అత్యుత్తమ ఆటగాడి పురస్కారం అందుకున్నాడు. ఏ టేపుకూ అందని అతడి దృష్టి, సహచరుడు ఎక్కడికి చేరబోతున్నాడో ముందే గ్రహించే నేర్పు అతడిని అక్కడికి చేర్చాయి.

భారతీయులకు ఈ ప్రక్రియ దగ్గరైంది 2015లో. పంజాబ్‌లోని బర్నాలా జిల్లా బల్లో కే గ్రామానికి చెందిన సత్నాం సింగ్‌ను డాలస్ మావరిక్స్ జట్టు 52వ స్థానంలో ఎంచుకుంది. డ్రాఫ్ట్‌లో ఎంపికైన తొలి భారతీయుడిగా అతడు చరిత్రకెక్కాడు. కానీ ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఆడే అవకాశం అతడికి దక్కలేదు. ఏడడుగులకు పైబడిన ఎత్తు అతడికి తలుపు తెరిచింది. అయితే ఆ నాటికి ఆట తీరే మారిపోతోంది. దూరం నుంచి గురిపెట్టి వేయగల, వేగంగా కదలగల పొడగరులను జట్లు కోరుకోవడం మొదలైంది. ఆట మారితే అంచనా కూడా పాతబడిపోతుందని ఈ ఉదంతం చెబుతోంది.

మన దగ్గర వేలం

తెలుగు పాఠకులకు బాగా తెలిసిన పద్ధతి వేలం. అయితే ఐపీఎల్ తొలి ఏడాది 2008లో అండర్-19 ఆటగాళ్ల కోసం నిజంగానే డ్రాఫ్ట్ నిర్వహించారు. అంతకు కొద్ది రోజుల ముందే కౌలాలంపూర్‌లో భారత జట్టుకు అండర్-19 ప్రపంచకప్ అందించిన సారథి విరాట్ కోహ్లీ. సొంత నగరానికి చెందిన ఢిల్లీ జట్టుకు అతడిని తీసుకునే అవకాశం ఉన్నప్పటికీ ఎడమచేతి వాటం పేసర్ ప్రదీప్ సాంగ్వాన్‌ను ఎంచుకుంది. జట్టులో అప్పటికే మేటి బ్యాటర్లు ఉన్నారు, బౌలర్ అవసరం. నాటి లెక్కల్లో అది తర్కబద్ధమైన నిర్ణయమే. కోహ్లీ బెంగళూరుకు వెళ్లాడు. మిగిలిన కథ అందరికీ తెలిసిందే. ప్రస్తుత అవసరాన్ని బట్టి ఎంచుకోవాలా, దీర్ఘకాలిక సామర్థ్యాన్ని బట్టి ఎంచుకోవాలా అన్న చర్చ ఎన్‌బీఏ అభిమానుల్లో నేటికీ తెగలేదు.

హైదరాబాద్‌లో టెన్నిస్ బంతితో ఆడుతూ పెరిగిన మహ్మద్ సిరాజ్‌ను 2017 వేలంలో సన్‌రైజర్స్ 2.6 కోట్ల రూపాయలకు కొనుగోలు చేసింది. విశాఖపట్నం కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 2023లో 20 లక్షల రూపాయల కనీస ధరకే అదే జట్టులో చేరాడు. 2025 సీజన్‌కు ముందు ఆ జట్టు అతడిని 6 కోట్ల రూపాయలకు అట్టిపెట్టుకుంది. ధర ఆ రోజు మార్కెట్ అంచనాకు గుర్తు మాత్రమేనని, ప్రతిభకు తూకపు రాయి కాదని ఈ తేడాయే నిరూపిస్తుంది.

అయితే సిరాజ్‌కైనా, నితీశ్‌కైనా వేలానికి ముందు రంజీ ట్రోఫీ అనే వేదిక ఉంది. అక్కడి పరుగులు, వికెట్లు ఎంపికదారుల కంట పడతాయి. అండమాన్ నికోబార్ దీవులకు రంజీ జట్టు లేదు. దీవుల్లో పుట్టిన పిల్లవాడు ఎంత బాగా ఆడినా, సొంత గడ్డ పేరిట ఆ గణాంకాల పట్టికలోకి ఎక్కే దారి లేదు. అతడి విషయంలో అంచనా తప్పయ్యే ప్రసక్తే లేదు, ఎందుకంటే అంచనాయే జరగదు.

దీవుల్లో ఎంపిక ఎలా?

ట్రాక్ సైక్లింగ్‌కు వేలం లేదు, డ్రాఫ్ట్ లేదు. పాఠశాల, జాతీయ స్థాయి పోటీలు, భారత క్రీడా ప్రాధికార సంస్థ (సాయ్) శిక్షణ కేంద్రాలు, ఢిల్లీలోని జాతీయ శిబిరం: ఇవే మెట్లు. సాయ్ శిక్షణ కేంద్రం ఒకటి శ్రీవిజయపురంలో, అంటే 2024 సెప్టెంబరు వరకు పోర్ట్ బ్లెయిర్‌గా వ్యవహరించిన నగరంలో ఉంది. 2010 కామన్వెల్త్ క్రీడల కోసం ఢిల్లీ ఇందిరాగాంధీ స్టేడియం ప్రాంగణంలో నిర్మించిన 250 మీటర్ల చెక్క వెలోడ్రోమ్ జాతీయ శిబిరానికి కేంద్రమైంది.

స్ప్రింట్ విభాగంలో అంచనా వేయడం కొన్ని విధాల సులభం. గడియారం అబద్ధం చెప్పదు. పరుగు అందుకున్న సైకిల్‌పై చివరి 200 మీటర్లు ఎంతసేపట్లో దాటారన్నది మొదటి కొలమానం. స్థిర సైకిల్‌పై కొద్ది సెకన్లలో ఎన్ని వాట్ల శక్తి వెలువరించారన్నది రెండోది. ఇంతవరకు సైకిల్ పోటీల్లో పాల్గొనని పిల్లలను కూడా నిలువు గెంతు, నిలబడిన చోటు నుంచి ముందుకు దూకడం, 30 మీటర్ల పరుగు వంటి పరీక్షలతో వడపోయవచ్చు. కాళ్లలో పేలుడు శక్తి ఉన్నవారు అక్కడే బయటపడతారు.

కీరిన్ వద్దకు వచ్చేసరికి లెక్క మారుతుంది. ఈ పోటీలో ఒక చిన్న మోటారు వాహనం గంటకు 50 కిలోమీటర్ల వేగం వరకు క్రమంగా పెంచుతూ ముందు సాగుతుంది. పోటీదారులు దాని వెనుక వరుసకట్టి తొక్కుతారు. మూడు చుట్లు మిగిలి ఉండగా వాహనం తప్పుకొంటుంది. అక్కడి నుంచి భుజం భుజం రాసుకునే పోరు. సైకిల్‌కు బ్రేకులు ఉండవు, గేర్లు మార్చే వీలు ఉండదు. ఎవరి వెనుక నిలవాలి, ఏ క్షణంలో బయటికి దూకాలి అన్న నిర్ణయం గెలుపోటములను తేలుస్తుంది. ఈసో ఆల్బెన్ తొలి ప్రపంచ పతకం ఈ విభాగంలోనే రావడం గమనార్హం. గెంతు పరీక్షలో ఎన్ని మార్కులు వచ్చినా ఆ నేర్పును అది కొలవలేదు.

‘పుట్టుకతో వచ్చిన బలం’ అనే ఉచ్చు

నికోబారీ క్రీడాకారుల గురించి మాట్లాడేటప్పుడు తరచూ వినిపించే మాట ‘వారికి పుట్టుకతోనే బలం’ అని. ప్రశంసలా వినిపించినా ఈ మాటలో రెండు ప్రమాదాలు ఉన్నాయి. ఏళ్ల తరబడి సాగిన సాధన, ఇంటికి దూరంగా గడిపిన బాల్యం, వెలోడ్రోమ్ ఏటవాలుపై పడి లేచిన గాయాలు ఈ ఒక్క మాటతో కనుమరుగవుతాయి. మరోవైపు ఫలితం రాని రోజున ఆ సముదాయం మొత్తంపై నమ్మకం సన్నగిల్లుతుంది.

దీనికి మన దేశంలోనే పాఠం ఉంది. 1980ల్లో సాయ్ గిరిజన, తీర, కొండ ప్రాంతాల ప్రతిభ కోసం ప్రత్యేక ప్రాంత క్రీడల పథకాన్ని చేపట్టింది. రాజస్థాన్ గిరిజన యువకుడు లింబా రామ్ విలువిద్యలో ఒలింపియన్‌గా ఎదగడం దాని విజయం. అదే పథకం కింద ఆఫ్రికా మూలాలున్న సిద్దీ సముదాయ యువతను అథ్లెటిక్స్ కోసం చేరదీశారు. కొన్నేళ్లకే ఆ కార్యక్రమం ఆగిపోయింది. చేరినవారు సగంలోనే వెనుదిరగాల్సి వచ్చింది. వ్యక్తిని చూసి ఎంచుకోవడానికీ, జాతిని చూసి ఆశలు పెట్టుకోవడానికీ ఉన్న తేడాను ఈ రెండు అనుభవాలు చూపుతాయి.

డెబోరా హెరాల్డ్ విషయంలోనూ ఇలాంటి కథనమే చెలామణిలో ఉంది. 2004 డిసెంబరు 26న సునామీ కార్ నికోబార్‌ను ముంచెత్తినప్పుడు ఆమె వయసు తొమ్మిదేళ్లు. రోజుల తరబడి చెట్టును పట్టుకుని ప్రాణాలు నిలుపుకొంది. పదకొండేళ్ల తరువాత, 2015లో, 500 మీటర్ల టైమ్ ట్రయల్‌లో ప్రపంచ నాలుగో ర్యాంకుకు చేరింది. చెట్టుపై గడిపిన రోజులే ఆమెను విజేతను చేశాయన్నట్లు చెప్పడం కథకు అందంగా ఉంటుంది. కానీ అదే దీవిలో అదే సునామీని తట్టుకున్న పిల్లలు ఇంకా ఎందరో ఉన్నారు. వారికీ ఆమెకూ తేడా తెచ్చినది ఒక సైకిల్, ఒక శిక్షకుడు, ఒక పోటీ. ఎంపికదారులు వెతకవలసింది ఆ తేడా ఎక్కడ కొరవడిందన్న విషయాన్ని.

సముద్రం అనే వడపోత

అమెరికాలో ప్రతిభాన్వేషకుడు కారెక్కి ఏ కళాశాలకైనా వెళ్లగలడు. నికోబార్‌లో అది కుదరదు. ఆదివాసుల రక్షణ కోసం 1956లో చేసిన నిబంధనల ప్రకారం ఆ దీవుల్లోకి బయటివారు అనుమతి లేకుండా ప్రవేశించరాదు. ఆ రక్షణ అవసరమైనదే. కానీ క్రీడల పరంగా దాని అర్థం, పిల్లలే బయటికి రావాలి. కార్ నికోబార్ నుంచి శ్రీవిజయపురానికి, అక్కడి నుంచి చెన్నై, కోల్‌కతా, విశాఖపట్నాలకు ఓడలో లేదా విమానంలో ప్రయాణించాలి. ప్రధాన భూభాగానికి ఓడ ప్రయాణం రెండు మూడు రోజులు. ఒక ఎంపిక పోటీ తేదీ తప్పిపోతే హైదరాబాద్ కుర్రాడు మరో మైదానానికి బస్సెక్కుతాడు. దీవి కుర్రాడికి ఆ ఏడాది అక్కడితో ముగిసినట్లే.

ఇది నికోబారీలకే పరిమితమైన సమస్య కాదు. 2011 లెక్కల ప్రకారం అండమాన్ నికోబార్ జనాభాలో సుమారు 13 శాతం మంది మాతృభాష తెలుగు. ఉత్తరాంధ్ర తీరం నుంచి తరతరాలుగా వలస వెళ్లిన మత్స్యకార కుటుంబాలు వారిలో ఎక్కువ. వారి పిల్లల ముందున్నదీ ఈ సముద్రమే.

వయసు సృష్టించే భ్రమ

జూనియర్ స్థాయి అంచనాల్లో మరో చిక్కు ఎదుగుదల. ఒకే వయో విభాగంలో జనవరిలో పుట్టిన బాలుడికీ డిసెంబరులో పుట్టిన బాలుడికీ దాదాపు ఏడాది తేడా ఉంటుంది. పద్నాలుగేళ్ల ప్రాయంలో ఆ ఏడాది చాలా పెద్దది. కెనడాలోని ఐస్ హాకీ జట్లలో ఏడాది తొలి నెలల్లో పుట్టినవారే ఎక్కువగా ఉన్నారని 1980ల్లో పరిశోధకులు గుర్తించారు. తరువాత ఎన్నో క్రీడల్లో ఇదే ధోరణి బయటపడింది. ముందుగా ఎదిగిన దేహాన్ని ప్రతిభగా పొరబడి, ఆలస్యంగా ఎదిగేవాడిని ఇంటికి పంపే ప్రమాదం ప్రతి ఎంపికలోనూ పొంచి ఉంటుంది.

జూనియర్ విజయం సీనియర్ విజయానికి హామీ కాదన్నది కూడా ఇందులో భాగమే. ఈసో ఆల్బెన్, రొనాల్డో, రోజిత్‌లతో పాటు కార్ నికోబార్‌కే చెందిన, ఫుట్‌బాల్ దిగ్గజం పేరు పెట్టుకున్న డేవిడ్ బెక్‌హామ్ ఎల్కతోచూంగో 2022 బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో భారత్‌కు ప్రాతినిధ్యం వహించారు. అదే ఏడాది జూన్‌లో ఢిల్లీలో జరిగిన సీనియర్ ఆసియా పోటీల్లో రొనాల్డో స్ప్రింట్ రజతం గెలిచాడు. అయితే 2024 పారిస్ ఒలింపిక్స్‌కు భారత సైక్లిస్టు ఒక్కరూ అర్హత సాధించలేదు. జూనియర్ స్థాయిలో ప్రపంచాన్ని ఓడించిన జట్టు సీనియర్ స్థాయిలో ఆ మెట్టు ఎక్కలేకపోవడాన్ని ఎంపిక వైఫల్యంగా చూడటం సరికాదు. ఎంపిక సరైనదేనని ప్రపంచ పతకాలే చెప్పాయి. తరువాతి ఏళ్లలో అందవలసిన పోటీలు, పరికరాలు, శాస్త్రీయ సహకారం, ఓపిక ఏ మేరకు అందాయన్నది అడగవలసిన ప్రశ్న. యోకిచ్ ఎంపికైన ఏడేళ్లకు గానీ లీగ్ అత్యుత్తమ ఆటగాడు కాలేదు.

ఖేలో ఇండియా పథకం కింద ఎంపికైన క్రీడాకారుడికి ఎనిమిదేళ్ల పాటు ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు సహాయం అందించాలని కేంద్రం నిర్ణయించడం ఈ దిశలో ముఖ్యమైన అడుగు. ఎనిమిదేళ్లు అన్న అంకెలోనే అసలు విషయం ఉంది. ఎంపిక ఒక రోజు పని, నిలబెట్టడం దశాబ్దం పని.

అభిమాని వేసుకోవలసిన ప్రశ్నలు

డ్రాఫ్ట్, వేలం లేదా శిబిరం, ఏదైనా సరే, ఒక వర్ధమాన క్రీడాకారుడి గురించి అభిప్రాయం ఏర్పరచుకునే ముందు ఐదు విషయాలు పరిశీలించడం మేలని పై అనుభవాలు సూచిస్తున్నాయి.

మొదటిది, అతడు గెలిచినది ఎవరి మీద? బలహీన ప్రత్యర్థులపై వచ్చిన అంకెలు మోసగిస్తాయి. రెండోది, తోటివారితో పోలిస్తే వయసెంత, దేహం ఇంకా ఎదగవలసి ఉందా? మూడోది, అతడి బలం కొలతలో కనిపించేదా, ఆటలో మాత్రమే కనిపించేదా? నాలుగోది, అతడు ఇక్కడికి చేరడానికి ఎంత దూరం రావలసి వచ్చింది? చేతికందే దూరంలో మైదానం, శిక్షకుడు, పరికరాలు ఉన్న బాలుడి పది సెకన్లకూ, అరువు సైకిల్‌పై తొక్కిన బాలుడి పదిన్నర సెకన్లకూ మధ్య ఎవరిలో ఎదిగే అవకాశం ఎక్కువో గడియారం చెప్పదు. ఐదోది, ఎంచుకున్నవారు అతడి కోసం ఎన్నేళ్లు ఎదురుచూడగలరు?

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని తెలుగు సామెత. ఈసో ఆల్బెన్ విషయంలో అది నిజమే అనిపిస్తుంది. కానీ ఆ పరిమళం గుర్తించడానికి ఎవరో ఒకరు దగ్గరికి వెళ్లి ఉండాలి, లేదా ఆ పువ్వు సముద్రం దాటి వారి దగ్గరికి చేరి ఉండాలి. అమెరికా అభిమాని జాబితాలో అరవయ్యో పేరు ఎవరిదన్న దానిపై వాదిస్తాడు. నికోబార్‌లో ప్రశ్న అంతకు ముందే మొదలవుతుంది: జాబితా రాసే రోజున ఆ పిల్లవాడు ఓడ దిగాడా, లేదా?